దినేష్ బ్రో రాసిన కామెంట్లు

"నువ్వెటూ ఖాళీయే కదా, ఆ నాలుగు గేములకీ కామెంట్లు రాసి పెట్టెయ్" అన్నాడు దినేష్, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోతూ.

నేనప్పుడు ఒక పొయ్యి మీద పప్పు ఎనుపుతున్నాను, రెండో పొయ్యి మీద దోసె మాడకుండా చూస్తున్నాను, అతని లంచ్‌బాక్సు మూత ఎక్కడ పోయిందా అని కళ్ళతో అరలన్నీ వెతుకుతున్నాను. ఖాళీ అనే మాటకు మా ఇంట్లో అర్థమే వేరు. దినేష్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే అది పని. అదే ల్యాప్‌టాప్ ముందు నేను కూర్చుంటే ఖాళీ. వంట, బట్టలు, పాలవాడితో మాటలు, అత్తయ్య బీపీ మాత్రలు, ఇవన్నీ పనీ కావు, ఖాళీ కూడా కావు, వాటికింకా ఎవరూ పేరు పెట్టలేదు. పెళ్ళయిన కొత్తలో ఈ మాట వింటే ఒళ్ళు మండేది. తర్వాత నవ్వు రావడం మొదలైంది. ఆ రోజు మాత్రం రెండూ రాలేదు. దోసె తిప్పి, "చూస్తాలే" అన్నాను.

ఈ కామెంట్ల సంగతేమిటో చెప్పాలి. దినేష్‌కూ, అతని స్నేహితుడు కుమార్‌కూ కంప్యూటర్ ఆటలు తయారుచేసే పిచ్చి ఉంది. ఉద్యోగం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, బ్యాంకుల సాఫ్ట్‌వేర్. ప్రాణం మాత్రం ఆటల మీద. ఏడాదికోసారి ఆన్‌లైన్‌లో ఒక గేమ్ జామ్ జరుగుతుంది. జామ్ అంటే సగం పోటీ, సగం పండగ. వారం గడువిస్తారు, ఆ వారంలో ఎవరికి వారు ఒక ఆట తయారుచేసి పెట్టాలి. వీళ్ళు వెళ్ళేది డంజన్ క్రాలర్ల జామ్‌కి. అంటే చీకటి నేలమాళిగల్లోకి దిగి, దివిటీ వెలుగులో అడుగులో అడుగేసుకుంటూ, ఎదురైన భూతాన్నల్లా నరుక్కుంటూ పోయే ఆటలు. గడువు ముగిశాకే అసలు పని మొదలవుతుంది. అక్కడ జడ్జీలంటూ వేరే ఎవరూ ఉండరు. పాల్గొన్నవాళ్ళే ఒకరి ఆట ఒకరు ఆడి, మార్కులు వేసి, బాగున్నదేమిటో బాగాలేనిదేమిటో కింద రాయాలి. మీరు ఎందరి ఆటలకు రాస్తే మీ ఆట అంత పైకి వచ్చి నలుగురి కళ్ళబడుతుంది. రాయనివాడి ఆట అడుగున పడి ఉంటుంది. నాకు తెలిసిన పోటీలన్నిటిలోకీ న్యాయమైన పద్ధతి ఇదే, ఇచ్చినవాళ్ళకే వస్తుంది. కాకపోతే మా ఇంట్లో ఇచ్చేది నేను, వచ్చేది దినేష్‌కు.

మొదటిసారి ఎంత తియ్యగా అడిగాడో ఇప్పటికీ గుర్తుంది. "రసజ్ఞా, నీకు టైపింగ్ ఫాస్ట్. పైగా టెస్టింగ్‌లో ఉన్నావు, తప్పులు పట్టడం నీకు వెన్నతో పెట్టిన విద్య. మన అకౌంట్‌లోంచి ఓ రెండు ముక్కలు రాయవా" అన్నాడు. మన అకౌంట్ అంటే దినేష్ అకౌంట్. అతని ఫొటో, అతని పేరు, పాస్‌వర్డ్ మాత్రం నాకూ తెలుసు. సరే అని కూర్చున్నాను. ఊరికే రెండు ముక్కలు రాయడం నా వల్ల కాదు. మాదాపూర్‌లో నా ఉద్యోగమే అది, ఒకరు కట్టినదాన్ని నెమ్మదిగా తట్టి చూసి ఎక్కడ డొల్ల మోగుతోందో చెప్పడం. అందుకని ఒక్కో ఆటనూ చివరిదాకా ఆడాను. ఎక్కడ ఆగిపోయానో, ఆగినప్పుడు నా మనసులో ఏమనుకున్నానో, తిరిగి ఏ ఆశతో లేచానో రాశాను. "మీ రెండో మెట్లబావి దగ్గర నాకు భయం వేసింది, కానీ అది మీరు పెట్టిన భయం కాదు, దారి కనబడని భయం" అని ఒకరికి రాశాను. "మీ భూతం అరుపు చాలా బాగుంది, అది రెండుసార్లు వినబడితే జోకు అయిపోతోంది, ఒక్కసారికే ఉంచండి" అని ఇంకొకరికి. అన్నీ ఇంగ్లీషులోనే రాస్తాం, మీకోసం తెలుగులో చెబుతున్నాను. నేను రాసినదానికి తెల్లారేసరికి జవాబులు వచ్చేవి. "దినేష్ బ్రో, నువ్వు దేవుడివి." "బ్రో, మా ఆటను మాకంటే బాగా అర్థం చేసుకున్నావు." "దినేష్ బ్రో కామెంట్ రాకపోతే ఆట పెట్టినట్టే అనిపించదు." కుక్కర్ ఈల వేస్తుంటే గట్టు దగ్గర నిలబడి ఫోన్‌లో అవన్నీ చదువుకునేదాన్ని. సంతోషం నిజంగానే కలిగేది. ఆ బ్రో నేనేనని ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు, అదీ ఒక సరదాగానే ఉండేది కొన్నాళ్ళు.

సరదా తగ్గింది ఆఫీసులో. మా మేనేజర్ రాజేందర్ గారు మంచివారే, పుట్టినరోజు కేకు మొదటి ముక్క ఎవరిదో వారికే పెట్టే మనిషి. ఏడాది చివర మీటింగ్‌లో నన్ను కూర్చోబెట్టి, "రసజ్ఞా, నీ పనికి వంక పెట్టేదేం లేదు. కాని నువ్ బగ్గులు రాసే పద్ధతి జర కఠినంగ ఉంటదమ్మా. పోరగాళ్ళు ఫీలయితున్నరు. కొంచెం స్మూత్‌గ చెప్పరాదు?" అన్నారు. నేను ఆయన ముందే ఫోన్ తీసి చూసుకున్నాను. దినేష్ బ్రో పేరుతో నేను రాసినవీ, నా పేరుతో ఆఫీసులో రాసినవీ ఒకే మనిషి వాక్యాలు, ఒకే పొడవు, ఒకే ఉప్పూకారం. మగపేరు కింద ఉంటే నిజాయితీ. నా పేరు కింద ఉంటే కఠినం. ఇక ఇంట్లో అయితే నేను చెప్పేదాన్ని ఏమంటారో వేరే చెప్పక్కర్లేదు, సణుగుడంటారు. ఈ మూడూ ఒక్కటేనని ఆ మీటింగ్‌లో కూర్చుని ఉండగా నాకు అర్థమైంది. "తప్పకుండా సార్" అని లేచి వచ్చాను. వచ్చి, ఆ రోజు సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పును, అదే బగ్గును, ఎప్పటిలాగే రాశాను.

చెప్పేవాళ్ళకు కొదవ లేని ఇల్లు మాది. మా అత్తయ్య వెంకటలక్ష్మి గారు ప్రొద్దుటూరు నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు, మామయ్య అక్కడ కొట్టు చూసుకుంటారు. అత్తయ్య నోరు తెరిస్తే నా వంటకు మార్కులే. "బాగుండాది గానీ చింతపండు ఒక రవ్వ ఎక్కువైండాది మే." "బాగుండాది గానీ ఉడకాలింకా." దినేష్ అయితే తలెత్తకుండానే "బాగుంది కానీ" అంటాడు, ఆ కానీ తర్వాతది అతనికే తెలియదు, అలవాటుగా అంటాడు. పదిమంది తిని లేచే పెళ్ళివంటలో కూడా ఇన్ని అభిప్రాయాలు రావు. ఒక్కరోజు కూడా వీళ్ళెవరూ గరిట పట్టిన పాపాన పోలేదు, అత్తయ్య పట్టారు, ఆవిడ పట్టాల్సిన కాలమంతా పట్టారు, అది వేరే కథ. నాకు జామ్ నచ్చింది అందుకే. అక్కడ ఆడకుండా చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఈసారి జామ్‌కు నేను కూడా ఒక ఆట పెట్టాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని కాదు, నేను చేసింది ఏదైనా మా ఇంట్లో నోట్లో పడకముందే తీర్పు వచ్చేస్తుంది, ఈ ఒక్కటైనా తీర్పు కంటే ముందు ఎవరైనా తింటే బాగుండుననిపించింది. మా టీములోనే పనిచేసే శ్రీలత బొమ్మలు బాగా వేస్తుంది. సిద్దిపేట పిల్ల, కొత్తగూడలో కిరాయికి ఉంటుంది. నిరుడు జామ్‌లో ఒకరి ఆటకు బొమ్మలు వేసింది కూడా. ఆమె బొమ్మలు, మిగతాదంతా నేను. పుప్పాలగూడ నుంచి మాదాపూర్ పోయే క్యాబ్‌లో ట్రాఫిక్ ఆగినంతసేపూ, క్యాంటీన్‌లో పెరుగన్నం ముందేసుకుని, శనివారం దినేష్, కుమార్ హాల్లో తమ ఆటతో కుస్తీ పడుతుంటే పడగ్గదిలో, వాళ్ళకు టీలు అందిస్తూ ఆ మధ్యమధ్యలో చేశాను. ఆట పేరు 'మూట'. నేలమాళిగలోకి నలుగురు వీరులు దిగుతారు, కత్తి వీరుడు, విల్లు వీరుడు, మాంత్రికుడు, వైద్యుడు. మీరు వాళ్ళలో ఎవరూ కాదు. వాళ్ళ వెనకాల మూట మోసుకొచ్చే ఐదో మనిషి మీరు. ఒక ఆడమనిషి. యుద్ధాలు ముందెక్కడో చీకట్లో జరుగుతాయి, మీకు చప్పుడే వినబడుతుంది. గిన్నె తీసుకెళ్ళాలా, దుప్పటి తీసుకెళ్ళాలా, నూనె వంటకు వాడాలా దివిటీకి వాడాలా, ఇదీ మీ ఆట. మజిలీ దగ్గర వండిపెడితే వీరులు తిని, పులుసు గురించి ఒక మాట అని పడుకుంటారు. వాళ్ళ మాటలు కూర్చి రాయడానికి నాకు ఏమాత్రం కష్టం కాలేదు. అకౌంట్‌కు 'మూటగత్తె' అని పేరు పెట్టి జామ్‌లో పెట్టేశాను. పెట్టిన క్షణం నుంచి అందరి ఆటలూ ఆడి ఆ పేరుతో రాయడం మొదలుపెట్టాను. దినేష్ పేరు మీద రాయడం ఆగిపోయింది, దానికి రోజుకొక సాకు చెప్పాను. నేలమాళిగలో ఐదో మనిషి కనబడగానే జనం ఆగి చూశారు. ఆట మెల్లగా పైకి లేచింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దినేష్ ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఇది చూడు రసజ్ఞా. 'మూట' అంట. ఎవరో మూటగత్తె అంట. మనకంటే పైకెళ్ళిపోయింది. కత్తి లేదు, పోరాటం లేదు, వంట చేసే గేమ్ ఇది! నువ్వు దీనికి ఒక కామెంట్ రాయి. కొంచెం గట్టిగా. లోపాలన్నీ ఏకరువు పెట్టు. నీకు బాగా వచ్చు కదా అది."

నా చేతిలో అంట్ల గిన్నె ఉంది. జారిపోలేదు, ఇలాంటప్పుడు కథల్లో జారిపోతాయి. జామ్‌లో అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది, తన ఆటకు తానే ఓటు వేసుకున్నా, వేరే పేరుతో తానే రాసుకున్నా ఆ ఆటను తీసి పారేస్తారు. దినేష్ పేరుతో 'మూట' మీద నేను ఒక్క ముక్క రాసినా దొంగతనమే. నా ఆటను నా చేత్తోనే తిట్టించడానికి నా మొగుడే వచ్చి నిలబడ్డాడు, పాపం, ఏమీ తెలియక. నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి అంటారే, నాకు చక్కగా తెలిసింది, నవ్వే వచ్చింది. అది కడుపులోనే ఉంచుకుని, అత్తయ్య వింటున్నారు కాబట్టి మీరు అని పిలిచి, "దీనికి నేను రాయకూడదండీ. మీరే ఆడి మీరే రాయండి" అన్నాను.

"రాయకూడదా? ఎందుకు?"

"ఆడండి ముందు. ఆడనిదే రాయొద్దని మీ జామ్ వాళ్ళే అంటారుగా."

గొణుక్కుంటూ పోయి హాల్లో టీవీకి తగిలించాడు. నేను గిన్నెలు తోమే పని వదిలేసి వచ్చి సోఫాలో కూర్చున్నాను. నా ఆటను ఒకరు ఆడుతుండగా చూడటం నాకదే మొదటిసారి. అత్తయ్య నేలమీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. కాసేపటికి చేతులు ఆగిపోయాయి.

"ఏం రా ఇది, అంతా చీకటిగా ఉండాది. ఆ పిల్ల ఎవరు?"

"కూలి మనిషి మా. మూట మోస్తుంది."

"అంత మూట ఒక్కతే మోస్తాంటే ఆ నలుగురు మగోళ్ళూ చేతులూపుకుంటా పోతాండారే. ఒకడన్నా పట్టుకోకూడదా?"

"వాళ్ళు యుద్ధం చేయాలి మా."

"ఇప్పుడు చెయ్యట్లేదు కదరా, నడుస్తాండారు."

దినేష్ బరువు తగ్గించుకోవడానికి గిన్నె పారేయబోయాడు. అత్తయ్య దాదాపు లేచి నిలబడ్డారు. "అయ్యో, గిన్నె పారేయాకురా! రేపు దేంట్లో వండుతాది?" అతను వినకుండా పారేశాడు. తర్వాతి మజిలీలో వండడానికి లేక వీరులు అలిగారు. "నేను చెప్పలా!" అన్నారు అత్తయ్య, ఆటలో గెలిచిన పిల్లలా ముఖం పెట్టి. అలిగిన వీరులు మూటలో ఉన్న అటుకులే పంచుకుని తిన్నారు. అది చూసి ఆవిడ చిన్న గొంతుతో, "అందరూ తినేసినారు. ఆ పిల్లకు మిగిలిందా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఒక్కరు కూడా అడగలేదు నన్ను, జామ్ మొత్తంలో. ఆవిడ వైపు తిరిగి చూడలేకపోయాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రెండో మజిలీ దగ్గర దినేష్ కట్టేశాడు. "బోర్ మా. దీనికెవడు ఓటేస్తున్నాడో" అని, నిలబడే ఫోన్‌లో టకటకా కొట్టాడు. తన సొంత వేళ్ళతో అతను రాసిన మొట్టమొదటి కామెంట్ అది. వంటింట్లోకి వెళ్ళి నా ఫోన్‌లో చదువుకున్నాను. "ఐడియా కొత్తగా ఉంది, కానీ ఆట లేదు. ఆ అమ్మాయికి కత్తి ఇవ్వండి. రెండో మజిలీ మరీ సాగదీశారు. మూట దింపే బటన్ పెట్టడం మర్చిపోయారు, చూసుకోండి."

మొదటి వాక్యానికి మనసు చివుక్కుమంది. కాదని ఎందుకు అబద్ధం చెప్పాలి. ఎవరో పరాయివాళ్ళు అన్నదైతే చన్నీళ్ళలా తుడుచుకుపోయేదాన్ని, ఇది నా మంచం మీద పడుకునే మనిషి అన్న మాట. కాసేపు సింకు దగ్గర నిలబడి పంపు తిప్పి, గిన్నెలన్నీ చప్పుడు చేసుకుంటూ తోమాను. తర్వాత, నాకున్న రోగమేమో, దాన్ని మళ్ళీ తెరిచి టెస్టర్ కళ్ళతో చదివాను. నాలుగు మాటల్లో ఒకటి నిజం. రెండో మజిలీ సాగుతోంది. నేను రాసుకున్న వీరుల మాటలు నాకు ముద్దొచ్చి ఎక్కడా కొట్టేయలేదు, అందుకే సాగుతోంది. ఆ సంగతి అంతమంది ఆడి ఒక్కరూ చెప్పలేదు, దినేష్ చెప్పాడు. ఆ ఒక్కదానికీ అతనికి థాంక్స్ చెప్పాలనుకున్నాను. మిగతా వాటికి జవాబే చెప్పాలి.

మర్నాడు క్యాంటీన్‌లో శ్రీలత టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా ఫోన్ నా ముందు పెట్టింది. "ఏందే ఇది? దినేష్ బ్రో అంటే మీ ఆయనే గద? అందరికీ అంత మంచిగ రాస్తడు, మనకు గిట్ల రాసిండేంది?"

దినేష్ కామెంట్ కింద అప్పటికే నలుగురు తగులుకున్నారు. "దినేష్ బ్రో, ఇది మీరేనా?" అని ఒకరు. "బ్రో, అకౌంట్ ఎవరైనా హ్యాక్ చేశారా?" అని ఇంకొకరు. నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వు వచ్చింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు.

"నవ్వుతున్నవేంది?"

"ఇన్నాళ్ళూ రాసింది నేను శ్రీలతా. అన్నీ. దినేష్ రాసింది ఇదొక్కటే."

శ్రీలత నా వైపు చూసింది. నవ్వలేదు. "నిరుడు నా బొమ్మల గురించి రాసింది గూడ నువ్వేనా? గోడల మీద పాకుడు రంగు జూస్తే తడి వాసనొచ్చిందని?"

"నేనే."

"అది ఫోన్ల దాసుకున్న నేను. పరేషాన్ అయినప్పుడల్ల తీసి సదువుకుంట. దినేష్ బ్రో రాసిండని మా ఇంటోళ్ళకు గూడ సూపెట్టిన." ఆమె గొంతు కాస్త పైకి లేచింది, కోపంగానే. "మరి నీ పేరు యాడుందే? నాకు జెప్పినోళ్ళెవ్వరో నాకు ఎరుక గావాలె గదా!"

అంతవరకూ ఈ వ్యవహారంలో నష్టపోయింది నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను. కాదు. శ్రీలత ఆ మాటను ఏడాదిగా వేరే మనిషి పేరుతో దాచుకుంది. నేను పక్క కుర్చీలోనే కూర్చుని రోజూ ఆమెతో పెరుగన్నం తిన్నాను. పేరు లేకుండా చేసిన మంచిపని గొప్పదని చిన్నప్పటి నుంచి మన చెవుల్లో ఊదుతారు, ఆడపిల్లల చెవుల్లో ఇంకొంచెం గట్టిగా ఊదుతారు. అది గొప్పతనం కాదని ఆ బల్ల దగ్గర నాకు తేలిపోయింది. శ్రీలత చూస్తుండగానే అకౌంట్ తెరిచి, మూటగత్తె అని ఉన్నచోట కొట్టేసి, నా పూర్తి పేరు ఇంటిపేరుతో సహా పెట్టాను. పుట్టింటి ఇంటిపేరు, సర్టిఫికెట్ల మీద ఉన్నది. తర్వాత దినేష్‌కు జవాబు రాశాను.

"దినేష్ గారూ, ఆడినందుకు ధన్యవాదాలు. రెండో మజిలీ సాగిందన్న మాట అక్షరాలా నిజం, వచ్చే రూపంలో తగ్గిస్తాను. కత్తి మాత్రం ఇవ్వను, ఆమె అడగలేదు. మూట దింపే బటన్ మర్చిపోలేదు, ఆటలో మొదటి నుంచీ ఉంది. వీరులు పిలిచినప్పుడు ఒక్కసారి వెళ్ళకుండా నిలబడితే అది కనబడుతుంది. మీరు పిలిచిన ప్రతిసారీ వెళ్ళారు. మరోసారి ఆడి చూడండి. ఇట్లు, రసజ్ఞ."

నేను ఇంటికి చేరేసరికి దినేష్ నాకంటే ముందే వచ్చి హాల్లో పచార్లు చేస్తున్నాడు. అత్తయ్య టీవీ గొంతు తగ్గించి కూర్చున్నారు. చెప్పులు విప్పకముందే, "అరే, అది నీదా!" అన్నాడు. ముఖంలో నిజంగానే ఆశ్చర్యం, కొంచెం గర్వం కూడా ఉంది. "చెప్పొచ్చు కదా! నాకు తెలిస్తే బాగా రాసేవాణ్ణి కదా!"

"అందుకే చెప్పలేదు" అన్నాను.

"అది సరే. కుమార్ ఫోన్ చేశాడు. గ్రూపులో అందరూ ఏంటి బ్రో అని అడుగుతున్నారంట. నలుగురిలో నవ్వులపాలయ్యాను రసజ్ఞా. ఆ రిప్లై తీసెయ్, ప్లీజ్. ఏదున్నా ఇంట్లో చెప్పు, నేను వినేవాణ్ణే కదా." నేను బ్యాగు దించి మంచినీళ్ళు తాగుతున్నాను. అతను ఆగి, ఇంకో సంగతి గుర్తొచ్చినవాడిలా, "అయినా మన గేమ్ కామెంట్ల పరిస్థితేంటి? ఓటింగ్ ఈ వారంతో అయిపోతుంది. నువ్వు రాయకపోతే మనది అడుగుకెళ్ళిపోతుంది" అన్నాడు.

అతని మీద జాలి వేసింది. అబద్ధం కాదు. చెడ్డవాడు కాడు. జ్వరం వస్తే పక్కన కూర్చుంటాడు, నా జీతం నన్ను అడగడు. మన గేమ్ అన్నప్పుడు ఆ మన అనే మాటను అతను మనస్ఫూర్తిగానే అంటాడు. ఆ మనలో పని దగ్గర నేనుంటాను, పేరు దగ్గర ఉండను, అది అతని కంటికి ఇంతవరకూ ఆనలేదు, అంతే. ఆనేట్టు చేయడం కూడా నా పనుల్లో చేరిందన్నమాట. ఆరిపోబోయే ముందు దివిటీ ఒకసారి రెపరెపలాడాలని అతని ఆటకు చెప్పింది నేను. ఈ ఏడాది అందరూ మెచ్చుకున్నది ఆ రెపరెపలనే. రాతి ద్వారం వెనక ఊపిరి చప్పుడు పెట్టమన్నది నేను. ఒక మెట్టు మీద అడుగు వేస్తే ఆట మొత్తం నిలిచిపోతుంటే, కూరగాయలు తరుగుతూ ఆ మెట్టు ఏదో పట్టుకున్నది నేను.

"దినేష్, మీ ఆట అయిపోయాక పేర్లు వస్తాయి కదా. అందులో ఎవరెవరున్నారు?" అని అడిగాను. గ్లాసు బల్ల మీద పెట్టి, అత్తయ్య ఉండగానే నువ్వు అనాలా మీరు అనాలా అని కూడా ఆలోచించలేదు. "నేనున్నానా నీ దాంట్లో?"

"ఎందుకు లేవు? చివర్లో 'మా కుటుంబాలకు కృతజ్ఞతలు' అని వేశాంగా. కుటుంబం అంటే నువ్వు కాదా?"

అత్తయ్య కల్పించుకున్నారు. "పోనీలే మే, ఇంట్లో మాట ఇంట్లో ఉండనీ. మొగుడి పేరు పైకొస్తే నీది వచ్చినట్టు కాదా?" అని, ఎందుకో తాము అన్నమాట తమకే నచ్చనట్టు ఆగిపోయి, "అయినా ఒక పేరు పెట్టేదానికి నీకేం నొప్పిరా దినేషా. పెట్టు" అన్నారు.

"పెడతాలే మా. నాకేం అభ్యంతరం? వచ్చే ఏడాది నుంచి పెడతా. ఇప్పుడు కుదరదు." దినేష్ గొంతులో ఊరట వచ్చింది, నియమం దొరికిన మనిషి గొంతు. "రూల్ ఒప్పుకోదు రసజ్ఞా, నీకూ తెలుసు. ఓటింగ్ నడుస్తుండగా గేమ్‌లో ఏమీ మార్చకూడదు. బగ్గులు తప్ప."

"బగ్గయితే మార్చొచ్చా?"

"బగ్గయితే మార్చాలి. ఎవరైనా బగ్గు రిపోర్ట్ చేస్తే సరిచేసి మళ్ళీ అప్‌లోడ్ చేయాల్సిందే. లేకపోతే ఓట్లు పోతాయి."

"సరే" అన్నాను.

నేను కాళ్ళు కడుక్కుని వచ్చి, అతని ల్యాప్‌టాప్ పక్కకు జరిపి, నాది తెరిచి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఏం వండుతావని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బయట పుప్పాలగూడ రోడ్డు మీద క్యాబులు హారన్లు కొట్టుకుంటున్నాయి, ఇంకా వెలుగుంది. నా పేరున్న అకౌంట్‌లోంచి దినేష్ ఆట తెరిచాను. దివిటీ పట్టుకుని దిగి, మొదటి మెట్టు నుంచి ఆఖరి గది దాకా, మధ్యలో ఒకసారి డోర్‌బెల్ మోగినా లేవకుండా ఆడాను. బెల్ తీయడానికి దినేష్ వెళ్ళాడు. పేర్లు వచ్చాయి, పోయాయి. ఇంకోసారి ఆడాను. మళ్ళీ అవే. మజా ఏమిటంటే ఆట బాగుంది. నిజంగా బాగుంది, మార్కులు మాత్రం వేయలేదు, నేను పనిచేసిన ఆటకు నేనే వేయకూడదు కదా. తర్వాత కామెంట్ పెట్టెలో, మా ఆఫీసులో ఏళ్ళుగా రాస్తున్న పద్ధతిలోనే, రాజేందర్ గారు జర కఠినం అన్న పద్ధతిలోనే రాశాను. దినేష్ నా భుజం వెనక నిలబడి, నేను కొట్టే ఒక్కో అక్షరాన్నీ చదువుతున్నాడు. ఆపమనలేదు. నేనూ ఆగలేదు, పోస్ట్ చేసేశాను.

"బగ్గు. చోటు: ఆట ముగిశాక వచ్చే పేర్లు. జరగవలసింది: ఈ ఆటకు పనిచేసినవాళ్ళందరి పేర్లూ కనబడాలి. జరుగుతున్నది: రసజ్ఞ పేరు కనబడటం లేదు. తీవ్రత: అత్యధికం. ఎప్పటి నుంచి: మీ మొదటి ఆట నుంచి. ఎన్నిసార్లు ఆడి చూసినా ఇలాగే జరుగుతోంది."